ఏ ఊరు వెళ్లినా అదే ప్లియే

మా నాన్నగారు వాయుసేనలో పనిచేసేవారు. నేను మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా బాపట్ల దగ్గర సూర్యలంకలో చదివాను. వారానికి నాలుగు సాయంత్రాలు బాపట్లలో ఒక మాస్టారి దగ్గర కూచిపూడి నేర్చుకునేదాన్ని. అడవులన్నీ అయ్యాయి, జతిస్వరం సగంలో ఉంది. ఆ మార్చిలో నాన్నకి పుణె బదిలీ వచ్చింది. తర్వాత ఏం జరుగుతుందో ఈ పత్రిక చదివే మీకు చెప్పక్కర్లేదు. ట్రంకు పెట్టెల మీద తెల్ల రంగుతో పేరు రాయడం, టీసీ కోసం ఆఫీసు గది ముందు నిలబడటం, స్నేహితురాళ్ల చిరునామాలు నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకోవడం, అన్నీ మీకూ అలవాటే. కానీ టీసీలో రాయని సంగతి ఒకటుంది, నాట్యం ఎంతవరకు వచ్చిందనేది. ఐదు పాసైన పిల్లని కొత్త ఊళ్లో ఆరులో కూర్చోబెడతారు. నాట్యానికి అలాంటి ఏర్పాటు లేదు.

పుణెలో మా క్యాంపు దగ్గర కూచిపూడి చెప్పేవాళ్లు దొరకలేదు. భరతనాట్యం టీచరు ఒకావిడ ఉంటే అమ్మ తీసుకెళ్లింది. ఆవిడ నా అడవులు చూసి, "చెయ్యి ఇలా ఉండదమ్మా, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడదాం" అన్నారు. అందులో ఆవిడ తప్పు లేదు. పద్ధతి వేరు. పదేళ్ల పిల్లకి మాత్రం మూడేళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరే అనిపించింది. వెళ్లనని మొండికేశాను. "కాళ్లు ఊరికే ఉండకూడదు" అని అమ్మ ఈసారి ఒక హాల్లో నడిచే బ్యాలే క్లాసులో చేర్పించింది. బ్యాలే అంటే ఏమిటో అమ్మకీ తెలియదు, నాకూ తెలియదు.

హాల్లో గోడ పొడవునా నడుమెత్తులో ఒక కర్ర బిగించి ఉంది. దాన్ని బార్ అంటారు. టీచరుగారిని అందరూ మిస్ అని పిలిచేవారు. ఆవిడ "ప్లియే" అనగానే పిల్లలంతా మడమలు కలిపి, పాదాలు పక్కలకి తిప్పి, మోకాళ్లు వంచారు. ఇది నాకొచ్చిన అరమండే కదా అని గభాలున కూర్చున్నాను. మిస్ వచ్చి నా వీపు మీద చెయ్యి పెట్టి, నెమ్మదిగా పైకి లేపి, "కూర్చోకు. కిందికి వెళుతూ పైకి పెరుగు" అన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

రెండేళ్ల తర్వాత జోర్హాట్ వెళ్లాం. అక్కడ ఏ క్లాసూ దొరకలేదు. ఇనప మంచం పట్టె పట్టుకుని నాకొచ్చింది నేనే చేసుకునేదాన్ని. ఆ తర్వాత ఢిల్లీ. అక్కడ మళ్లీ ఒక బ్యాలే క్లాసుకి వెళ్లినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. టీచరు ఎవరో తెలియదు, ఆయన హిందీ నాకు సగమే తెలిసేది. వెనక వరసలో బార్ పట్టుకుని భయంగా నిలబడ్డాను. ఆయన నోట వచ్చిన మొదటి మాట "ప్లియే". తర్వాత "తాందూ". ఆ తర్వాత "రోన్ ద జాంబ్". మాట వినపడగానే కాలు కదిలింది. క్లాసు అయ్యాక ఆయన నా పేరు అడిగే ముందు, "ఎన్నేళ్లు నేర్చుకున్నావు?" అని అడిగారు.

నేను బ్యాలే నర్తకిని కాలేదు. ఎందుకు కాలేదో తర్వాత చెబుతాను. ఇప్పుడు బళ్లో నాట్యం చెబుతున్నాను. ఊరు మారినా మారని ఆ మాటలు ఎక్కడ పుట్టాయో, ఆ విద్యను ఎలా నేర్పుతారో, నేర్చుకున్నవాళ్లు దానితో ఎలా బతుకుతారో ఈ పాఠంలో చెబుతాను.

రాజుగారి మాటలు

ఆ మాటలన్నీ ఫ్రెంచివి. బ్యాలే ఇటలీ రాజాస్థానాల్లో వేడుకగా మొదలైనా, దాన్ని ఒక శాస్త్రంగా కట్టింది ఫ్రాన్సులో. 14వ లూయీ రాజు స్వయంగా నాట్యమాడేవాడు. ఆయన 1661లో పారిస్‌లో నాట్యానికి ఒక అకాడమీ పెట్టించాడు. ఆయన నాట్యగురువు పియేర్ బోషాంప్ పాదాలు నిలిపే అయిదు స్థానాలకు ఒక క్రమం ఏర్పరచాడని చెబుతారు. ఇప్పటికీ ప్రపంచంలో ఏ బ్యాలే క్లాసులోనైనా మొదటి రోజు నేర్పేది ఆ అయిదు స్థానాలే. పారిస్ ఒపేరాకు అనుబంధంగా నాట్యపాఠశాల 1713లో వచ్చింది. 1738లో ఒక ఫ్రెంచి మాస్టారు, జాఁ బాతిస్త్ లాందే, రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బడి తెరిచాడు. మాస్టారు ఫ్రెంచివాడు కాబట్టి మాటలూ ఫ్రెంచివే వెళ్లాయి.

మగపిల్లలు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పారిస్ ఒపేరా రంగస్థలం మీద 1681 వరకు వృత్తి నర్తకులు మగవాళ్లే. ఆడవేషాలూ వాళ్లే కట్టేవారు. మన కూచిపూడి భాగవతులూ అంతే. సత్యభామ వేషంతో దేశమంతా పేరు తెచ్చుకున్న వేదాంతం సత్యనారాయణశర్మగారు పురుషుడు. "నాట్యం ఆడపిల్లలది" అని మీ క్లాసులో ఎవరైనా అంటే ఈ రెండు ముక్కలు చెప్పండి.

ఒకే మాట అయినంత మాత్రాన అన్నిచోట్లా ఒకేలా చేస్తారనుకోవద్దు. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు వెనక్కి చాపే భంగిమను అరబెస్క్ అంటారు. ఇటలీ గురువు ఎన్రికో చెకెట్టి పద్ధతిలో అవి అయిదు, రష్యన్ పద్ధతిలో నాలుగు. పేర్ల క్రమం కూడా కొంచెం మారుతుంది. ఢిల్లీ క్లాసులో మూడో అరబెస్క్ అన్నప్పుడు నేను తప్పు చెయ్యి చాపి అందరికీ నవ్వు తెప్పించాను. కానీ అది ఒక చెయ్యి తప్పు. మొత్తం మొదటి నుంచి మొదలుపెట్టే తప్పు కాదు.

అగ్రిప్పీనా టీచరు

బ్యాలే టీచర్లలో నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి అగ్రిప్పీనా వాగానోవా. 1879లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టింది. తండ్రి అక్కడి మరియిన్‌స్కీ థియేటరులో ప్రేక్షకులకు సీట్లు చూపించే ఉద్యోగి. అంటే మన లెక్కలో చిన్న ఉద్యోగి పిల్ల. చక్రవర్తి నాట్యపాఠశాలలో చేరి 1897లో చదువు ముగించింది.

ఆమెకు గాలిలోకి ఎగరడం అద్భుతంగా వచ్చేది. అయితే శరీరపు తీరు నాజూకైన నాయిక పాత్రలకు సరిపోదన్నారు. ఏళ్ల తరబడి చిన్న చిన్న ఒంటరి నృత్యాలే దక్కాయి. ప్రధాన నర్తకి హోదా 1915లో వచ్చింది. మరుసటి సంవత్సరమే రంగస్థలం వదిలేసింది. బడిలో చేరింది మొదలు ఆ హోదా చేతికి అందేదాకా పాతికేళ్లు దాటాయి. అది ఉన్నది ఒక్క ఏడాది.

ఆ పాతికేళ్లూ ఆమె ఊరికే కూర్చోలేదు. అప్పట్లో ఇటలీ నర్తకీమణులు రష్యా వచ్చి అందరినీ అబ్బురపరిచేవారు. పియరీనా లెన్యానీ అనే ఆమె ఒంటికాలి వేళ్ల మీద ఆగకుండా 32 చుట్లు తిరిగి చూపించింది. 1895లో పీటర్స్‌బర్గ్ 'స్వాన్ లేక్' ప్రదర్శనలో కూడా ఆమె అవే చుట్లు తిరిగింది. చూసినవాళ్లు చప్పట్లు కొట్టారు. వాగానోవా మాత్రం, వాళ్లకి అది ఎలా వస్తోంది, మనకి ఎందుకు రావడం లేదు అని ఆలోచించింది. ఫ్రెంచి పద్ధతిలో చేతుల నాజూకు, ఇటలీ పద్ధతిలో కాళ్ల బలం, రష్యన్ నర్తకుల మనసు, ఈ మూడూ ఒకే శరీరంలోకి ఎలా వస్తాయని వెతికింది. చుట్టు తిరిగేటప్పుడు బలం కాలిలో మాత్రమే ఉండదని, వీపులోనూ చేతుల్లోనూ ఉంటుందని పట్టుకుంది.

1917లో విప్లవం వచ్చి చక్రవర్తి పోయాడు. బ్యాలే రాజుల వినోదం, దాన్ని మూసెయ్యాలన్నవాళ్లూ ఉన్నారు. తిండికి కూడా కటకటలాడిన ఆ రోజుల్లో వాగానోవా పాఠాలు చెప్పడం మొదలుపెట్టి, 1921లో తను చదువుకున్న బడికే టీచరుగా వచ్చింది. 1925లో ఆమె శిష్యురాలు మరీనా సెమ్యోనోవా చదువు ముగించి రంగస్థలం ఎక్కినప్పుడు, ఈ టీచరు ఏదో కొత్తది కనిపెట్టిందని లోకానికి తెలిసింది. 1928లో గలీనా ఉలనోవా వచ్చింది. తర్వాత చాలామంది వచ్చారు. తనకి దక్కని పాత్రలన్నీ ఆమె శిష్యురాళ్లు చేశారు.

1934లో ఆమె తన పద్ధతిని పుస్తకంగా రాసింది. నేను దాని ఇంగ్లీషు అనువాదం చదివాను. కథలు, గొప్పలు ఏమీ లేవు. చెయ్యి ఇక్కడుండాలి, బరువు ఈ కాలి మీదుండాలి, తల ఇటు తిరగాలి, ఎందుకంటే ఇందుకు, అంతే. ఆ 'ఎందుకంటే' కోసమే ఆ పుస్తకం ఇప్పటికీ చదువుతారు. ఆమె 1951లో చనిపోయింది. 1957లో ఆ బడికి ఆమె పేరు పెట్టారు. రోస్సీ వీధిలో ఉంది ఆ బడి. ఆ వీధి పొడవు 220 మీటర్లు, వెడల్పు 22 మీటర్లు, రెండువైపులా కట్టడాల ఎత్తు కూడా 22 మీటర్లే. లెక్కల టీచరుకి చెబితే సంతోషిస్తారు.

ఆ బడికి కూడా ఒకసారి బదిలీ అయింది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు లెనిన్‌గ్రాడ్‌ను (పీటర్స్‌బర్గ్‌కు అప్పటి పేరు) ముట్టడించారు. పిల్లల్నీ టీచర్లనీ దూరంగా ఊరల్ కొండల వైపు పెర్మ్ ప్రాంతానికి తరలించారు. అక్కడా పాఠాలు నడిచాయి. యుద్ధం చివరికి వచ్చాక బడి తిరిగి వెళ్లిపోయింది. కానీ 1945లో పెర్మ్‌లో సొంతంగా ఒక బ్యాలే బడి తెరిచారు. ఇవాళ రష్యాలో పేరున్న బడుల్లో అదొకటి.

ఎనిమిదేళ్ల బార్

వాగానోవా బడిలో పిల్లలు పదేళ్ల ప్రాంతంలో చేరతారు. ప్రవేశపరీక్షలో నాట్యం పెద్దగా చూడరు. తుంటి కీలు ఎంత తిరుగుతుంది, వీపు ఎంత వంగుతుంది, పాదం కమాను ఎలా ఉంది, తాళం చెవికెక్కుతుందా అని చూస్తారు. వృత్తి నర్తకుల చదువు అక్కడ సుమారు ఎనిమిదేళ్లు. మామూలు చదువూ దాంతోపాటే సాగుతుంది. మధ్యలో ప్రతి ఏడూ పరీక్షలు, ప్రతి ఏడూ కొందరు ఇంటికి.

మొదటి సంవత్సరం చూస్తే మీకు విసుగొస్తుంది. రెండు చేతులతో బార్ పట్టుకుని, గోడకి ఎదురుగా నిలబడి, చాలా నెమ్మదిగా ఒక కాలు ముందుకి జరిపి వెనక్కి తెస్తారు. దాన్నే తాందూ అంటారు, చాపడం అని అర్థం. అరికాలు నేలని రాసుకుంటూ వెళ్లాలి, ముందు మడమ లేవాలి, తర్వాత కమాను, చివరికి వేళ్ల కొసలు మాత్రమే నేల మీద మిగలాలి. వచ్చేటప్పుడు అదే దారిలో తిరిగి రావాలి. రోజూ వందలసార్లు. పెద్దయ్యాక పేరు మోసిన నర్తకి అయినా, పొద్దున్నే మొదటి పని అదే.

బార్ దగ్గర వరస కూడా ఆలోచించి పెట్టిందే. ముందు ప్లియే, అంటే మోకాళ్లు వంచడం, కీళ్లు వేడెక్కుతాయి. తర్వాత తాందూ, పాదాలు మేలుకుంటాయి. తర్వాత నేల మీద కాలితో అర్ధచంద్రం గీసే రోన్ ద జాంబ్. తుంటి కీలు వదులవుతుంది. తర్వాత మెల్లగా కరిగినట్టు వంగే ఫోందూ, చటుక్కున కొట్టే ఫ్రాపే, కాలిని మడిచి పైకి విప్పే దెవలొప్పే, అన్నిటికన్నా చివర కాలిని బలంగా పైకి విసిరే గ్రాన్ బత్‌మాన్. చిన్న కదలిక నుంచి పెద్ద కదలికకి, నేల మీది నుంచి గాలిలోకి. బార్ వదిలి గది మధ్యకి వచ్చాక ఇవే మళ్లీ, ఈసారి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. తర్వాత చుట్లు, ఎగరడాలు. మగపిల్లలకి ఎగరడాలు ఎక్కువ. పై తరగతుల్లో జోడీ నర్తకిని ఎత్తడం, నిలపడం నేర్పుతారు.

కూచిపూడి, భరతనాట్యం నేర్చుకుంటున్నవాళ్లు లేచి నిలబడి ఒకటి చేసి చూడండి. అరమండిలో కూర్చుని తట్టండి. బరువు నేలలోకి దిగుతుంది, నేల చప్పుడు చేస్తుంది, గజ్జె పలుకుతుంది. ఇప్పుడు అదే మోకాలి వంపు తీసుకుని, తలని ఎవరో పైనుంచి దారంతో లాగుతున్నట్టు ఊహించుకుని దిగండి. పొట్ట లోపలికి పోతుంది, వీపు పొడవవుతుంది. మా మిస్ చెప్పిన "పైకి పెరుగు" అంటే అదే. మన నాట్యం నేలతో మాట్లాడుతుంది, బ్యాలే నేలని మరిపించాలని చూస్తుంది. రెండింటికీ ఒక్క నియమం మాత్రం ఒకటే. పాదం ఎటు చూస్తుంటే మోకాలూ అటే చూడాలి. తిప్పడం తుంటి దగ్గర జరగాలి. తుంటి తిరగకుండా పాదాల్ని మాత్రం బలవంతంగా పక్కకి తిప్పితే మోకాలు పాడవుతుంది. ఇది అరమండికీ వర్తిస్తుంది.

ఇంకొకటి. చుట్టు తిరిగితే కళ్లు తిరుగుతాయి కదా? గోడ మీద ఒక గుర్తు పెట్టుకోండి. ఒళ్లు తిరుగుతున్నా చూపు గుర్తు మీదే ఉంచండి. ఇక మెడ తిరగనని మొరాయించినప్పుడు తలని చటుక్కున తిప్పి మళ్లీ అదే గుర్తుని చూడండి. ఒంటి కన్నా తల చివర్న బయల్దేరి ముందు చేరాలి. పిరువెట్ రహస్యం సగం ఇందులోనే ఉంది. మిగతా సగం రోజూ సాధన చేస్తేనే వస్తుంది.

పాయింట్ బూట్ల గురించి పిల్లలు నన్ను ఎప్పుడూ అడుగుతారు. వాటి కొసల్లో ఇనుము ఉంటుందని, చెక్క ఉంటుందని అంటుంటారు. ఏదీ లేదు. గుడ్డ, కాగితం పొరలు పొరలుగా జిగురుతో అంటించి గట్టిపరుస్తారు. పైన శాటిన్, అడుగున ఒక గట్టి అట్టలాంటి పట్టీ. చెమటకి, బరువుకి అది మెత్తబడిపోతుంది. పెద్ద పాత్ర చేసే నర్తకికి ఒక్క ప్రదర్శనలోనే ఒక జత అయిపోవచ్చు. రిబ్బన్లు ఎవరివి వాళ్లే కుట్టుకుంటారు. కొత్త జత చప్పుడు చెయ్యకుండా గోడకేసి కొట్టి మెత్తబరుస్తారు. అవి వేసుకోవడానికి ముందు చీలమండలు, వీపు బలపడాలి, అందుకు ఏళ్లు కావాలి. సాధారణంగా పదకొండు పన్నెండేళ్లు దాటాక, టీచరు చూసి సరేనంటేనే. ఆన్‌లైన్‌లో కొనుక్కుని వీడియో చూస్తూ మంచం పట్టుకుని లేవాలని మాత్రం అనుకోవద్దు. ఇంకా గట్టిపడని పాదం ఎముకలతో చేసే ప్రయోగం అది. జోర్హాట్‌లో బూట్లు దొరక్క నేను బతికిపోయాను గానీ, దొరికితే ఆ పని చేసేదాన్నే.

జీతం, వయసు, సెలవు

బ్యాలే సంస్థలో చేరినవాళ్ల రోజు పొద్దున క్లాసుతో మొదలవుతుంది. పద్దెనిమిదేళ్ల కొత్త పిల్లా, అందరూ పేరు చెప్పుకునే ప్రధాన నర్తకీ ఒకే బార్ పట్టుకుని అదే ప్లియే చేస్తారు. తర్వాత సాయంత్రం దాకా రిహార్సల్సు, రాత్రి ప్రదర్శన. చేరగానే బృందంలో వేస్తారు. 'స్వాన్ లేక్'లో హంసలు వరసగా నిలబడతాయి చూడండి, ఆ వరసలో ఒకరు. కదలకుండా నిలబడటమే అందులో కష్టమైన పని అని చేసినవాళ్లు చెబుతారు. చాలామంది ఉద్యోగజీవితం ఆ వరసలోనే గడుస్తుంది. కొందరు ఒంటరి పాత్రలకి, అతికొద్దిమంది ప్రధాన పాత్రలకి వెళతారు.

మీ నాన్నగారో అమ్మగారో 60 ఏళ్లకి రిటైరవుతారు. పారిస్ ఒపేరా బ్యాలేలో రిటైర్మెంటు 42 ఏళ్లకి. దెబ్బ తగిలితే ఇంకా ముందే. అందుకే బ్యాలే నర్తకి జీవితంలో రెండో ఉద్యోగం ఉంటుంది, అది ఎక్కువగా టీచరు ఉద్యోగమే. సెమ్యోనోవా మాస్కో బొల్షోయ్ థియేటరులో తొంభై దాటాక కూడా పాఠాలు చెప్పింది.

ఇప్పుడు నా సంగతి. పదహారేళ్లప్పుడు మా ఢిల్లీ మాస్టారిని అడిగాను, నేను విదేశీ బడికి దరఖాస్తు చేసుకోవచ్చా అని. ఆయన కుర్చీలో కూర్చోబెట్టి చెప్పారు. "మొదలుపెట్టిందే ఆలస్యం, మధ్యలో రెండేళ్లు పోయాయి. నీ తుంటి ఇంతకన్నా తిరగదు. రంగస్థలం కష్టం." ఆ రాత్రి చాలా ఏడ్చాను. నాన్న బదిలీల మీద, జోర్హాట్ మీద, అందరి మీదా కోపం వచ్చింది. మూడు రోజులు క్లాసుకి వెళ్లలేదు. నాలుగో రోజు వెళితే మాస్టారు ఏమీ అడగలేదు. "చిన్నపిల్లల బార్ దగ్గర నిలబడు, మోకాళ్లు చూడు" అన్నారు. ఆరేళ్ల పాప ఒకతి ప్లియేలో గభాలున కూర్చుంది. నేను వెళ్లి తన వీపు మీద చెయ్యి పెట్టాను.

ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లందరి కథా ఇలాగే ఉంటుందని కాదు. ముంబయిలో అమీరుద్దీన్ షా, మనీశ్ చౌహాన్ అనే ఇద్దరు కుర్రాళ్లు మామూలు కష్టజీవుల ఇళ్ల నుంచి వచ్చి, యెహూదా మావొర్ అనే మాస్టారి దగ్గర బ్యాలే నేర్చుకున్నారు. అమీరుద్దీన్‌కి 2017లో లండన్ రాయల్ బ్యాలే స్కూల్లో చోటు దొరికింది. వాళ్ల కథ ఆధారంగా 2020లో 'యే బ్యాలే' సినిమా వచ్చింది. అందులో మనీశ్ తన పాత్ర తనే వేశాడు. అయితే ఆ ఇద్దరిలా రోజంతా సాధన చెయ్యగలమా అని ముందు మిమ్మల్ని మీరే అడగాలి.

బ్యాలే దారిలో మన నాట్యం

బ్యాలేకీ మన నాట్యానికీ ఎక్కడా కలవదనుకుంటే పొరపాటు. రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా (ఆమెను మొదటిసారి చిన్నపిల్లవని బడిలో చేర్చుకోలేదు, పదేళ్లకి మళ్లీ వెళ్లి చేరింది) తన బృందంతో లోకమంతా తిరిగింది. మన దేశానికీ వచ్చింది. ఉదయ్ శంకర్ 1923లో లండన్‌లో ఆమెతో కలిసి రాధాకృష్ణుల నృత్యం చేశాడు. 1928లో రుక్మిణీదేవి బొంబాయిలో ఆమె నృత్యం చూసి ముగ్ధురాలై, ఆమె బృందంలోని క్లియో నోర్దీ దగ్గర బ్యాలే నేర్చుకోవడం మొదలుపెట్టింది. మీ దేశపు నాట్యం వైపు చూడమని పావ్లోవా ఆమెకి సలహా ఇచ్చింది. రుక్మిణీదేవి ముప్ఫయ్యో ఏడు దగ్గరపడ్డాక భరతనాట్యం నేర్చుకుని, 1935లో మద్రాసు అడయారులో ప్రదర్శన ఇచ్చి, 1936లో కళాక్షేత్ర స్థాపించింది.

తెలుగులో నృత్యనాటకాన్ని కూడా బ్యాలే అనడం మీరు వినే ఉంటారు. "కూచిపూడి బ్యాలే" అని పోస్టర్ల మీద ఉంటుంది. వేళ్ల కొసల మీద నిలబడటం అందులో ఉండదు. కథ, పాట, బృందనాట్యం ఉంటాయి. వెంపటి చినసత్యంగారు కూచిపూడి గ్రామం నుంచి మద్రాసు వెళ్లి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, అలాంటి నృత్యనాటకాలు ఎన్నో కట్టారు. ఆయన అడవుల్ని ఒక వరసలో, ఒక తీరులో స్థిరపరచడం వల్ల ఆయన శిష్యులు ఏ దేశంలో పాఠం చెప్పినా బాణీ గుర్తుపట్టవచ్చు. వాగానోవా గురించి చదివినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు. ఇంటరు తర్వాత నేను మళ్లీ కూచిపూడికే వచ్చాను, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో నాట్యంలో ఎంపీఏ చేశాను. వదిలేసిన జతిస్వరం అలా పదకొండేళ్లకి పూర్తయింది.

మీకు పనికొచ్చేవి రెండు చెప్పి ముగిస్తాను. బ్యాలే నేర్చుకుంటుంటే, లండన్‌లో 1920లో మొదలైన రాయల్ అకాడమీ ఆఫ్ డాన్స్ గ్రేడు పరీక్షలు మన దేశంలోనూ జరుగుతాయి. ఒక ఊళ్లో మూడో గ్రేడు పాసైతే ఇంకో ఊళ్లో నాలుగో గ్రేడులో కూర్చోవచ్చు. టీసీ లాంటిదే. మన సంప్రదాయ నాట్యం నేర్చుకుంటుంటే, 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకి సీసీఆర్‌టీ వారి ప్రతిభా ఉపకారవేతనం ఉంది. మీ నాట్యం టీచర్ని అడగండి.

మా ఏడో తరగతి పిల్ల ఒకతి ఈ నెలాఖరుకి పోర్ట్‌బ్లెయిర్ వెళ్లిపోతోంది. తనకి ఒక నోటుపుస్తకం ఇచ్చాను. ఎవరి బాణీలో నేర్చుకుంది, ఏయే అడవులు ఎన్ని కాలాల్లో వచ్చాయి, ఏ అంశం ఏ చరణం దాకా వచ్చింది, ఏ రాగం, ఏ తాళం, అన్నీ రాశాను. ప్రతి అడవూ ఎదుటి నుంచి, పక్క నుంచి వాళ్ల అమ్మ ఫోనులో వీడియో తీయించాను. శనివారాలు నేర్పిన బ్యాలే మాటలు కూడా ఒక పేజీలో రాశాను, అక్కడ క్లాసు ఉన్నా లేకపోయినా. రానివి కూడా రాశాను: తొందరపడితే ఎడమ మోకాలు లోపలికి పడుతుంది, మూడో కాలంలో భుజాలు పైకి లేస్తాయి, ఎడమవైపు పిరువెట్ ఇంకా రాలేదు, తలని ఆలస్యంగా తిప్పుతోంది. చివర్న నా సంతకం పెట్టి, బడి ముద్ర వేయించమని ఆఫీసుకి పంపాను. ఇది ఏ ఫారమ్ కింద వస్తుందని గుమాస్తాగారు అడిగారు.